మా అత్త నోటి ఉపవాసం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. ఆ సామెత కట్టినవాడెవడో మా ఊరి కుళాయి దగ్గర ఒక్క ఎండాకాలం కూడా బిందె పెట్టి ఉండడు. మా ఊళ్లో నోరు మంచిగా ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే ఊరికి నీళ్లు లేకుండా పోయాయి. ఆ సంగతే చెప్తాను. కోపం లేకుండా చెప్పవే అంటాడు మా ఆయన షాలోమ్. అలా చెప్పడం నాకు రాదు, నేర్చుకోవాలనీ లేదు.

మా అత్త పేరు ఆనందమ్మ. ఆ పేరు పెట్టిన మిషను సిస్టరు తప్పేమీ లేదు, అప్పటికి ఈవిడ నెలల పిల్ల, ఇంకా మాటలు రాలేదు. తర్వాత వచ్చాయి. ఇప్పుడు అరకు సంతలో అల్లం అమ్మేవాళ్లని ఆనందమ్మ ఎవరని అడిగితే, ముందు తక్కెడ సరిచేసుకుని తర్వాత చూపిస్తారు. నేను పాచిపెంట వైపు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, రాగి అంబలి ఉండలు కట్టిందని ఆవిడ తిట్టిన తిట్లకి పుట్టింటికి పోతానని సంచీ సర్దుకున్నాను. సంచీ సర్దడం కూడా రాదని మళ్లీ తిట్టి, చీరలన్నీ బయటికి లాగి తనే మడతలు పెట్టి ఇచ్చింది. ఇంక ఎలా పోతాను?

మా ఊరికి నీళ్లు పైన కొండ ఊట నుంచి వస్తాయి. ఊట కింద సిమెంటు తొట్టి, తొట్టి నుంచి గొట్టం, గొట్టానికి ఊళ్లో అక్కడక్కడా కుళాయిలు. చర్చి వీధిలో ఉన్న మేమూ, అవతలి వీధిలో పాత దేవతల్ని కొలుచుకునేవాళ్లూ, వాళ్లకి మంచిరోజులు చెప్పే దిసారి బుధు తాతా, అందరం తాగేది ఆ నీళ్లే. ఊట పక్కన ఎవరైనా గేదెల్ని కడిగితే మా అత్త అరుస్తుంది. తొట్టిలో ఆకులు తీయకపోతే అరుస్తుంది. రేషను డిపోలో బియ్యం తూకం తగ్గితే అరుస్తుంది. బడి మాస్టారు సోమవారం ఎగ్గొడితే, మంగళవారం ఆయన బండి వచ్చేసరికి ఊరి మొదట్లో నడుం మీద చేయి వేసుకుని నిలబడి ఉంటుంది. ఆవిడ అరిచాక నీళ్లు వచ్చేవి, బియ్యం సరిగా వచ్చేవి, మాస్టారూ వచ్చేవాడు. అవన్నీ ఊరు ఊరంతా అనుభవించేది. అనుభవించి, ఆవిడ అటు తిరగగానే "అబ్బ, ఏం నోరే తల్లీ" అని నవ్వుకునేది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఉపవాసాల తపస్కాలానికి మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఆ కాలం మొదలయ్యే విభూతి బుధవారం నాడు అందరూ ఊరి పక్కన పారే గెడ్డలోంచి తలా ఒక రాయి తెచ్చుకుని, చర్చి ముందున్న సిలువ మొదట్లో పెట్టి, పండగ దాకా ఏది మానేస్తారో పైకి చెప్పాలి. ఈస్టరు నాడు పాస్కా పండుగ పూజ అయ్యాక ఎవరి రాయి వాళ్లు తీసుకెళ్లి గెడ్డలో పారేస్తారు. రాయి నీళ్లలో పడితే మొక్కు తీరినట్టు. ఆ సాయంత్రం ఊళ్లో మాంసం ఉడికే వాసన, కల్లు వాసన చూస్తే, ఇన్నాళ్లూ మానింది ఇవాళ ఒక్కరోజే తినడానికా అనిపిస్తుంది.

ఆ ఏడు కొత్త ఫాదరు వచ్చారు. పల్లపు ఊళ్లనుంచి వచ్చిన కుర్రాయన, మంచివాడే. ఒకరు టీ మానేస్తామన్నారు, ఒకరు కోడికూర అన్నారు. మార్కు ఎప్పటిలాగే జీలుగు కల్లు అన్నాడు. మార్కు అంటే పోయిన మా మామగారి తమ్ముడు, సంఘానికి పెద్ద. జీలుగు చెట్టు బాగా పారేది ఆ నెలల్లోనే కాబట్టి తన త్యాగమే అందరికన్నా పెద్దదని ప్రతి ఏడూ గుర్తు చేస్తాడు. ఈసారి అది చెప్పి ఊరుకోలేదు. మా అత్త రాయి పట్టుకుని ముందుకు రాగానే ఫాదరు వైపు తిరిగాడు.

"మా వొదిన నోరు మానేత్తే సాలు ఫాదరూ. అప్పుడు మిగతావోలం ఏటీ మానక్కర్లేదు."

చర్చి చర్చంతా నవ్వింది. ముందు బెంచీలో ఆడవాళ్లు పైట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. ముందు రోజు డిపోలో ఈవిడ అరిచినందుకు సరైన తూకంతో బియ్యం మోసుకెళ్లినవాళ్లే వాళ్లు. ఫాదరు కూడా నవ్వి, ఉపవాసాలన్నిట్లోనూ నాలుకని కట్టుకునే ఉపవాసమే కష్టమైనదని ఏదో వాక్యం చెప్పారు.

మా అత్త నవ్వలేదు. చేతిలో రాయి వైపు చూసింది. అందరి రాళ్లూ గుప్పిట్లో పట్టేవి, ఈవిడది దోసకాయంత ఉంది. "సరే ఫాదరూ," అంది. "తిట్టను, అరవను, ఎవులితోనూ తగువాడను. పండగ దాకా." వంగి రాయి పెట్టింది.

మా అత్త మాటంటే మాటే. తెల్లారి అంబలి ఉండలు కట్టింది, తాగేసింది. కోళ్ల గూడు మూయడం మర్చిపోయాను, తనే వెళ్లి మూసింది. కోపం వస్తే పెరట్లోకి పోయి కట్టెలు చీల్చేది. వారం తిరిగేసరికి వానాకాలానికి సరిపడా కట్టెలు పోగయ్యాయి. ఇల్లు జబ్బుమనిషి ఉన్న ఇల్లులా అయిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక నేను కావాలని అన్నం మాడ్చాను. ఆ మాడిన అన్నం తిని, పళ్లెం కడుక్కుని, ఏమీ అనకుండా లేచి వెళ్లింది. ఆ రోజు నేను ఏడ్చాను.

ఊరు మాత్రం పండగ చేసుకుంది. ముందు మేకలకి తెలిసింది, మా మిరియాల పాదుల్లోకి వచ్చేశాయి. తర్వాత మాస్టారికి తెలిసింది. సోమవారం మానేవాడు, మంగళవారమూ మానేశాడు. డిపోలో తక్కెడ మళ్లీ పాత బుద్ధికి వచ్చింది. ఎవరూ కిక్కురుమనలేదు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుని, ఆనక మా అత్త మొహం చూసేవారు. ఆవిడ కొంగు కొస పళ్లమధ్య పెట్టుకుని తల దించుకుని వచ్చేసేది.

అప్పుడు వచ్చింది గొట్టం.

మార్కు తన మెట్టలో, కాఫీ తోట వారన, విశాఖ వాళ్లెవరితోనో కలిసి టూరిస్టులకి టెంట్లు వేస్తున్నాడని అందరికీ తెలుసు. టెంట్లకి స్నానాల గదులుంటాయనీ, మధ్యలో పిల్లలు ఈదడానికి నీళ్ల కొలను కడతారనీ మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ట్రాక్టరు మీద నల్ల గొట్టం చుట్టలు వచ్చాయి. కూలీలు కొండెక్కి, మా తొట్టికి పైన, సరిగ్గా ఊట నోటి దగ్గర తవ్వడం మొదలెట్టారు.

నేనూ అత్తా కట్టెలకి వెళ్లి దిగుతూ చూశాం. ఆవిడ కనబడగానే కూలీల పారలు ఆగిపోయాయి. ఇద్దరు కుర్రాళ్లు తుప్పల్లోకి కూడా తప్పుకున్నారు. మార్కు గొట్టం చుట్ట వెనక్కి జరిగాడు. అంతలో గుర్తొచ్చింది కాబోలు, మొహం విప్పారింది.

"ఆగిపోయారేట్రా, తవ్వండి. మా వొదిన ఉపాసంలో ఉంది."

నా చేతిలో కత్తి ఉంది. దేవుడి దయ వల్ల దాంతో కట్టెలే కొట్టాను. మా అత్త ఊట వైపు చూసింది, మార్కు వైపు చూసింది, నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుని కిందకి దిగిపోయింది. నేను వెంటపడ్డాను.

"ఏటత్తా, సూసీసి వచ్చేత్తావేటి? నీళ్లు పోతన్నాయి."

"తెలుసు."

"మరి అడగవేటి?"

"రాయి పెట్టానే గుంటా. దేవుడికి మాటిచ్చాక, నీళ్లుంటే ఒక మాటా, నీళ్లు పోతే ఒక మాటా?"

ఆ నిజాయితీ చూస్తే కూడా నాకు కోపమే వచ్చింది. మర్నాడు నేనే వెళ్లి మార్కుని అడిగాను. "నువ్వు నిన్నగాక మొన్నొచ్చిన దానివి. పెద్దోల యవ్వారాలు నీకెందుకు, ఇంటికెల్లు," అన్నాడు. షాలోమ్‌ని అడగమన్నాను. "సిన్నాన్నతో తగువేటే," అని తను నడిపే జీపు తుడుచుకున్నాడు. పక్కింటి చిట్టి మా చివరి కుళాయి దగ్గరే నీళ్లు పట్టుకుంటుంది, ముగ్గురు పిల్లలు. నాతో రమ్మన్నాను. "పండగ ఎల్లనీ వొదినా," అంది. "అప్పుడు ఆనందమ్మత్తే అడుగుద్ది కదా." ఆ మాట విన్నాక చిట్టి మీద వచ్చినంత కోపం మార్కు మీద కూడా రాలేదు.

పండగ వారం వచ్చేసరికి మా వీధి కుళాయి ముక్కు కారినట్టు కారుతోంది. ఒక బిందె నిండేలోపు పిల్లలకి తల దువ్వేసి జడ వేసేయొచ్చు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. ఎవరూ ఏమీ అనరు. మా అత్త మొహం వైపు చూస్తూ ఉంటారు, ఆవిడ గొంతులోంచి ఏదైనా వస్తుందేమో, వస్తే పట్టుకుపోదామని. బుధు తాత కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. "మీ దేవుడు మంచోడే గానీ," అన్నాడు, "మా ఊట కాసిన కుక్క నోరు కట్టేసినాడు." మా అత్తని కుక్క అన్నాడని ఎవరో ముసిముసిగా నవ్వారు. తాత మాత్రం నవ్వలేదు.

మంచి శుక్రవారం సిలువ మార్గం కొండమీదికి. చెప్పుల్లేకుండా, గొంతు తడుపుకోకుండా ఎక్కాలి. ముందు కర్ర సిలువ మోసింది ఎవరనుకున్నారు, మార్కే. దారి టెంట్ల పక్కనుంచే పోతుంది. కొలను నిండా నీలంగా నీళ్లు, అందులో పట్నం పిల్లలిద్దరు రబ్బరు బాతు మీద కూర్చుని కాళ్లాడిస్తున్నారు. ప్రభువు దప్పికగొన్నాడని పాడుతూ మేమంతా పక్కనుంచి నడిచాం. ఒక్క గొంతు కూడా తడబడలేదు. పాడుతున్నది నేను కూడా, కాబట్టి ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

పాస్కా రోజు ఫాదరు ప్రసంగం బాగానే చెప్పారు. పండగతో పాటు తపస్సు అయిపోకూడదన్నారు. రేపటినుంచి మళ్లీ పాత మనుషులమైపోతే ఇన్నాళ్లూ పస్తులున్నది కడుపే గానీ మనసు కాదన్నారు. తర్వాత ఎవరి రాయి వాళ్లు తీసుకోవచ్చని చెప్పబోతుండగా మార్కు లేచాడు. ఇస్త్రీ తెల్లచొక్కా, జేబులో సెల్లు. ఆ సాయంత్రమే టెంట్ల దగ్గర పెద్ద విందు, విశాఖ నుంచి అతిథులు వస్తున్నారు. వాళ్లకి అసలైన జీలుగు కల్లు తాగిస్తానని మాటిచ్చి, ముందు రోజే చెట్టుకి కొత్త కుండ కట్టించాడు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, ఒక్క ఫాదరుకి తప్ప.

"ఒక్క మాట ఫాదరూ. తమరు సెప్పినట్టు అలవాటు నిలబెట్టుకోవాల. అందరి మాటా ఏమో గానీ, మా వొదిన రాయి మట్టుకు అక్కడే ఉండనీండి. ఊరు సల్లగా ఉంది."

కొందరు చప్పట్లు కొట్టారు. ఖాళీ బిందెలతో మా అరుగు అరగదీసినవాళ్లు ఆ కొందరిలో ఉన్నారు. పాపం ఫాదరుకి ఏమీ తెలియదు. "ఆనందమ్మగారూ, ఏమంటారు?" అని సంబరంగా అడిగారు.

నేను ఆవిడ చేయి గట్టిగా పట్టుకున్నాను. విడిపించుకుని లేచింది. గొంతు పెంచలేదు.

"సరే ఫాదరూ. ఉంచుతాను. మంచి అలవాటు కదా. మరి నాదొక్కదే ఏటి? అందరివీ ఉంచుదుము. మార్కు రాయి నా రాయి పక్కనే ఉంది. అదెన్నాల్లుంటే ఇదన్నాల్లుంటాది."

ఫాదరు మొహం వెలిగిపోయింది. ఇలాంటి సంఘాన్ని తన జీవితంలో చూడలేదన్నారు. "ఏమంటారు మార్కుగారూ?" అన్నారు. సిలువ ముందు, ఊరందరి ముందు, సంఘ పెద్ద ఏమంటాడు? "అలాగే ఫాదరూ," అన్నాడు. చొక్కా చంకల్లో తడిసిపోయింది. ఆ రోజు ఎవరూ రాళ్లు గెడ్డకి తీసుకెళ్లలేదు. గెడ్డ దగ్గరికి పోయే దారి ఖాళీగా ఉండిపోయింది.

మా అత్త ఇంటికి రాలేదు. అందరూ వెళ్లాక తన రాయి ఒక్కటీ తీసి, గెడ్డలో పారేయకుండా కొంగులో మూట కట్టుకుని, తిన్నగా మార్కు జీలుగు చెట్టు కిందకి వెళ్లి కూర్చుంది. టెంట్ల కంచె పక్కనే ఉంటుంది చెట్టు. మేం భోజనం పంపితే తిని, ఆకు పారేసి, మళ్లీ కూర్చుంది. మధ్యాహ్నం కార్లు వచ్చాయి. అతిథులు చెట్టు కింద ముసలమ్మని ఫొటో తీసుకున్నారు. మార్కు ఇంట్లోంచి నాలుగుసార్లు బయటికి వచ్చి నాలుగుసార్లూ లోపలికి పోయాడు. ఈవిడ నోటితో అన్నిన్నాళ్లు వేగిన మనిషి, నోరు లేని ఈవిడతో ఏం చేయాలో తెలియక గింజుకున్నాడు.

పొద్దు వాలాక, నేను అత్తని పిలవడానికి వెళ్లేసరికి, అతిథుల్లో పెద్దాయన కల్లు ఏదని గట్టిగానే అడిగాడు. మార్కు మనిషిని ఎక్కించి కుండ దించాడు. అందరికీ పోశాడు. "మీరు తాగందే మేం తాగం," అన్నాడు పెద్దాయన. మార్కు మా అత్త వైపు చూడకుండా ఆకుడొప్ప ఎత్తాడు. "పండగ కదా, ఒక్క గుక్క," అని తనలో తను గొణుక్కుని తాగాడు.

మా అత్త లేచింది. కొంగు విప్పి రాయి మార్కు కాళ్ల దగ్గర పెట్టింది. నోరు తెరిచింది.

అంత నోరు నేను అంతకు ముందు వినలేదు, ఇంక వింటానని కూడా అనుకోను. అన్ని రోజులదీ ఒక్కసారే వచ్చింది. "సిలువ మోసిన భుజం మీదే నీళ్ల గొట్టం మోసుకొచ్చావు రా. నువ్వు మానింది కల్లు, ఊరి సేత మానిపించింది నీళ్లు. నీ అన్న పాడె మోసినప్పుడు ఏటన్నావు, నీ పిల్లల్నీ నీ ఊరినీ నేను సూసుకుంటానన్నావు కాదేటి. సూడు మరి, ఆ కొలను నీళ్లలో ఎవులి పిల్లలున్నారో సూడు." అతిథులు డొప్పలు కింద పెట్టేశారు. రెండు వీధులూ బయటికి వచ్చేశాయి. మాస్టారికీ డిపో వాడికీ కూడా అందులోనే వాటా పడింది, వాళ్లు అక్కడ లేకపోయినా. ఫాదరు వెళ్లబోతూ బండి ఆపి అంతా విన్నారు, చివర్లో హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నారు.

ఆడవాళ్లకి ఎక్కడలేని ఊపూ వచ్చింది. పొలోమని కొండెక్కారు, వెనకే నేనూ అత్తా ఎక్కాం. గొట్టం ఊట నోట్లోంచి లాగేశాం. నీళ్లు తొట్టిలో పడిన చప్పుడికి పిల్లలు కేరింతలు కొట్టారు. "మా ఆనందమ్మత్త నోరు తెరిసింది, ఇంక బయం లేదు," అంది చిట్టి. అందరూ అత్త వైపు తిరిగి నవ్వారు. మళ్లీ అదే నవ్వు.

ఆవిడ నవ్వలేదు. మా అందరినీ ఒక్కొక్కరినీ చూసింది. ఈసారి అరవలేదు, గొంతు బొంగురుపోయి ఉంది.

"నేను మానింది నా నోరు. మీ నోళ్లెవులు మానిపించారు?"

చిట్టి తల దించుకుంది. నేనూ దించుకున్నాను, కానీ నాకు సిగ్గుకన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఆవిడ చెప్పింది నిజం కాబట్టి. ఆవిడ కొండ దిగి, మార్కు కాళ్ల దగ్గర వదిలేసిన రాయి వెతుక్కుని తీసుకుని, చర్చి ముందు సిలువ మొదట్లో మళ్లీ పెట్టేసింది.

"అదేటత్తా?" అన్నాను. "సినమావ మొక్కు తప్పాడు కదా, నీ మొక్కు తీరిపోయినట్టే."

"ఆడు తప్పినందుకు అరిసాను. ఊరు మాటాడే దాకా ఇదిక్కడే ఉంటాది," అంది.

మర్నాడు పొద్దున్నే మార్కు మనుషులు మళ్లీ గొట్టం పట్టుకుని వచ్చారు. కుళాయి దగ్గర బిందెలతో అందరం ఉన్నాం. అందరి కళ్లూ అత్త వైపు తిరిగాయి. ఆవిడ అరుగు మీద కూర్చుని గెడ్డం కింద చేయి పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది. మనుషులు మమ్మల్ని దాటి కొండ వైపు నాలుగు అడుగులు వేశారు.

"ఎక్కడికెల్తన్నారు?" అంది చిట్టి. గొంతు సన్నగా, పిల్లి కూన అరిచినట్టు వచ్చింది. వాళ్లు ఆగలేదు. చిట్టి బిందె కింద పడేసి దారికి అడ్డం నిలబడింది. "ఎక్కడికనే అడుగుతన్నాను." ఈసారి అవతలి వీధి దాకా వినబడింది. ఆ తర్వాత మాలో ఎవరెవరు ఏమేం అన్నామో నాకు సరిగా గుర్తులేదు. వాళ్లు గొట్టం వదిలేసి పోయారన్నది మాత్రం గుర్తుంది.

అప్పటినుంచి వంతులు పెట్టుకున్నాం. కుళాయి దగ్గర ఒకరు, డిపో దగ్గర ఒకరు, మాస్టారి బండికి ఎదురెళ్లడానికి ఒకరు. మార్కు ఇంకా మాతో మాట్లాడడు, రెండుసార్లు మళ్లీ ప్రయత్నం చేశాడు, ఇంకా చేస్తాడు. ఊళ్లో ఆడాళ్లందరూ గయ్యాళులైపోయారని సంతలో చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. షాలోమ్ కూడా అంటున్నాడు, నీకు మా అమ్మ నోరు వచ్చేసిందని. మొదటిసారి అన్నప్పుడు అతని మీదా అరిచాను.

అత్త రాయి ఇంకా అక్కడే ఉంది. ఊరు మాటాడింది కదత్తా అంటే, అలవాటయ్యే దాకా ఉండనీ అంటుంది. వానకి నాచు పట్టింది. ఈ వారం మాస్టారి వంతు నాది. ఈవేళ ఊరి మొదట్లో గొంతు చించుకుని ఇంటికి వచ్చేసరికి, ఆవిడ అంబలి కాచి చల్లార్చి నా ముందు పెట్టింది. తాగి చూశాను. ఉండలు కట్టింది. ఆవిడ నా మొహమే చూస్తోంది, ఏమంటానోనని.

"ఉండలు కట్టింది," అన్నాను గట్టిగా.

ఆవిడ గిన్నె అందుకుని, ఏమీ అనకుండా, మళ్లీ కాచడానికి లేచింది.